సాంబయ్య వచ్చి వెళ్ళాక

పోయిన నెల, నేను రిటైరైన తెలుగు డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన లెక్చరర్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, ఈ సెమిస్టర్ కథానిక పేపరు నాకిచ్చారు. సాంబయ్య ఉన్న కథ మీరు చాలా ఏళ్ళు చెప్పారట. మీ నోట్సు ఒకసారి ఇస్తారా?" అని అడిగింది.

నోట్సు ఉంది. తార్నాకలో మా ఫ్లాటులో, బీరువా అడుగు అరలో, అట్ట ఊడిపోయిన పొడుగు పుస్తకం. ఇవ్వడానికి మనసొప్పలేదు. దాచుకోవాలని కాదు. అందులో సాంబయ్య గురించి రాసుకున్న పాఠం తప్పు. పదకొండేళ్ళపాటు ఆ తప్పునే ఎంతో అందంగా చెప్పాను. పిల్లలు అంతే అందంగా రాసి మార్కులు తెచ్చుకున్నారు. అందుకే నోట్సుకు బదులు ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, కమిటీలు, సెమినార్ల సంగతులు ఇందులో ఉండవు. ఒక కథలోని చిన్న పాత్రను చదవడం నేనెలా నేర్చుకున్నాను, దానివల్ల నష్టపోయింది ఎవరు, అదే రాస్తాను.

కథ ఇదీ

పన్నెండు పేజీల కథ. రాసినాయన పేరు ఇప్పుడు ఎక్కువమందికి గుర్తు లేదు. రత్నమ్మ అనే ఆవిడ భర్త పోయాక ఊళ్ళో పిండిగిర్ని నడుపుకుంటూ ఉంటుంది. మరిది వీరేశానికి ఆ గిర్ని కావాలి. అరుస్తాడు, తలుపు తంతాడు, గొడ్డలి పట్టుకుని వాకిట్లో నిలబడతాడు. కథ నిండా అతని కేకలే.

ఈ కేకల మధ్య సాంబయ్య అనే పెద్దమనిషి మూడుసార్లు వస్తాడు. రత్నమ్మ భర్తకు స్నేహితుడు. అరుగు మీద కూర్చుంటాడు, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగుతాడు, "వాడిది నోటిదురుసే గానీ మనసు మంచిదమ్మా, నేను చెప్తాగా" అని లేచి వెళ్తాడు. చివరికి వీరేశం గిర్నికి తాళం వేస్తాడు. రత్నమ్మ కూతుర్ని తీసుకుని ఊరు విడిచి వెళ్ళిపోతుంది. బస్సు దాకా ఆమె మూట మోసేది సాంబయ్యే. కండువాతో కళ్ళు తుడుచుకునేదీ సాంబయ్యే.

నా నోట్సులో ఇలా ఉంది: "సాంబయ్య అన్యాయాన్ని ఆపలేని నిస్సహాయుడు, మంచివాడు. గ్రామ మనస్సాక్షికి ప్రతీక." ఈ వాక్యం దగ్గరికి రాగానే నా గొంతు కాస్త మారేది. వెనక బెంచీల వాళ్ళు కూడా రాసుకునేవాళ్ళు.

పెద్దసారు

నేను చేరినప్పుడు మా హెడ్ గారిని అందరూ పెద్దసారు అనేవాళ్ళు. నల్గొండ వైపు రైతు కుటుంబం. తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ గొడుగు. కొత్తవాళ్ళు పాఠం చెప్తుంటే వెనక తలుపు దగ్గర నిలబడి వినేవారు. ఒకరోజు నా క్లాసు అయ్యాక కారిడార్లో ఆపారు.

"ఏం సుభద్రమ్మా, పాఠం చెప్తున్నవా, హరికథ చెప్తున్నవా?"

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మాది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగంతో ఇక్కడికి వచ్చి స్థిరపడినవాళ్ళం. ఆ మాటను నా యాస మీద ఎగతాళి అనుకున్నాను. ఆయన అదేం పట్టించుకోకుండా క్యాంటీన్‌కు తీసుకెళ్ళి టీ చెప్పారు.

"అరిచేటోన్ని పోల్చుకునుడు అల్కనే అమ్మా, కష్టం లేదు. వాడు కనవడతనే ఉంటడు. చిన్న పాత్ర సంగతి వేరే. అది ఉన్నప్పుడు ఏం మాట్లాడిందో చూస్తే లాభం లేదు. అది పోయినంక ఏమైందో చూడు."

బుద్ధిగా తలూపి, ఆ మాటను నోట్సు మార్జిన్‌లో రాసుకున్నాను. అక్కడే ఉండిపోయింది. సాంబయ్య మీద పెట్టి చూడాలని తట్టనే లేదు. మనకన్నా పెద్దవాళ్ళు చెప్పినవాటిని గౌరవంగా రాసుకుని వాడకుండా వదిలేయడం మా వృత్తిలో మామూలే.

పెద్దసారును దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. పరిశోధన విద్యార్థుల అధ్యాయాలు ఆయన టేబుల్ మీద నెలల తరబడి పడి ఉండేవి. ఎవరినైనా బాగా రాశావని మెచ్చుకోగా నేను వినలేదు. కానీ ఆ టీ, ఆ మాట ఇప్పటికీ నాతో ఉన్నాయి. ఆ రోజుల్లో తార్నాక నుంచి క్యాంపస్‌కు నడిచే వెళ్ళేదాన్ని. మెట్రో స్తంభాలు లేవు. వాన పడితే రాతి భవనం వరండాలన్నీ తడిసిన సున్నం వాసన వేసేవి. క్లాసు మధ్యలో కిటికీ అవతల నెమలి అరిస్తే పాఠం ఆగిపోయేది, ఎవరూ తొందరపడేవాళ్ళు కాదు. సాయంత్రం చౌరస్తాలో ఇరానీ చాయ్ తాగి, చదవబోయే కథ సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచేదాన్ని. జీవితంలో అంతకంటే పెద్ద సుఖం ఉంటుందని అప్పుడు తెలియదు, ఇప్పటికీ నమ్మకం లేదు.

స్వరూప

పన్నెండో ఏడు ఎం.ఏ. రెండో సంవత్సరంలో స్వరూప వచ్చింది. క్యాంపస్‌ను ఆనుకునే ఉన్న మాణికేశ్వర్ నగర్ పిల్ల. తండ్రి ఆటో నడిపేవాడు. తల్లి పోశమ్మ మా హాస్టల్ మెస్సులో కూరగాయలు కోసేది. స్వరూప మూడో వరసలో గోడవారగా కూర్చునేది, తక్కువ మాట్లాడేది. సాంబయ్య కథ చెప్తున్న రోజు చెయ్యెత్తింది.

"మేడం, ఒక డౌటు."

"అడుగమ్మా."

"గిర్ని మిషను ఊడదీయించుకోని తన తమ్ముని ఊరికి పోతా అని రత్నమ్మ ఎవరికి చెప్పింది?"

"సాంబయ్యకు."

"ఇంకెవరికన్న చెప్పిందా?"

పేజీలు తిప్పాను. చెప్పలేదు.

"మరి తెల్లారంగనే వీరేశం వచ్చి తాళమెట్ల ఏసిండు మేడం? ఆయనకెట్ల ఎరుక?"

తెలియదని ఒప్పుకోవడం అప్పటికి నాకు రాదు. "పల్లెటూరు కదమ్మా, మాటలు దాగవు" అన్నాను. క్లాసు నవ్వింది.

స్వరూప నవ్వలేదు. "ఎవలో ఒకలు చెప్తనే గద మేడం బయటికొచ్చేది" అని కూర్చుంది.

ఇంటర్నల్ పరీక్షలో కూడా అదే రాసింది. "ఈ కథలో భయపడవలసింది గొడ్డలిని చూసి కాదు, మజ్జిగ గ్లాసును చూసి" అన్నది ఆమె మొదటి వాక్యం. ఎర్ర ఇంకుతో పక్కన "అతి ఊహ" అని రాసి, మార్కులు కోసేశాను.

పేపర్ల కట్ట ముగించాక ఆ వాక్యం నన్ను వదల్లేదు. కథ తీసి, పెద్దసారు చెప్పినట్టు సాంబయ్య వచ్చిన మూడు చోట్లా గీత గీసి, ఆ తర్వాతి పేరా మాత్రమే చదివాను. మొదటిసారి రత్నమ్మ అతనితో, తమ్ముడు పండక్కి గానీ రాడని చెప్తుంది. అతను వెళ్ళాక వీరేశం మొదటిసారి తలుపు తంతాడు. రెండోసారి, పంచాయతీలో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉందంటుంది. అతను వెళ్ళాక గొడ్డలి వస్తుంది. మూడోసారి మిషను సంగతి చెప్తుంది. తెల్లారేసరికి తాళం. ఆమె బలహీనతలన్నీ ఒక్కొక్కటిగా వీరేశానికి చేరుతున్నాయి. మోసేవాడు ఒక్కడే. రచయిత ఎక్కడా ఆ మాట అనలేదు. సాంబయ్య మంచివాడన్నది కూడా రచయిత మాట కాదు, రత్నమ్మ మాట. ఆమె నమ్మింది కాబట్టి నేనూ నమ్మాను.

మర్నాడు క్లాసులో, పదకొండేళ్ళుగా నేను తప్పు చెప్పానని, స్వరూప చదివిందే సరైనదని చెప్పాను. మార్కులు దిద్దాను. ఎంత నిజాయితీగల టీచర్నో అని ఆ రోజంతా నా మీద నాకే ముచ్చటేసింది. పాఠం నేర్చేసుకున్నాననుకున్నాను.

గులాబీ రంగు ఫైలు

ఆ వేసవిలో స్వరూపకు బెంగళూరులో ఒక విశ్వవిద్యాలయం నుంచి పరిశోధన సీటుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. సిఫారసు లేఖ కోసం నా గదికి వచ్చింది. గులాబీ రంగు ఫైలులో సర్టిఫికెట్లన్నీ వరసగా పెట్టుకుంది.

"ఇంట్ల చెప్పలే మేడం. మా గల్లీల యాదగిరి అని ఒకాయన ఉంటడు, మా నాయినకు దోస్తు. ఆయన బావమరిది కొడుకుకు నన్ను చేసుకుంటమంటున్నరు. ఇప్పుడు చెప్తే పోనియ్యరు. ఇంటర్వ్యూ అయినంక నేనే చెప్త. మీరు ఎవ్వరికీ చెప్పకుండ్రి."

"నేనెందుకు చెప్తానమ్మా" అన్నాను. లేఖ ఇంటి దగ్గర తీరిగ్గా రాసి సోమవారం కల్లా నేరుగా అక్కడికే పంపుతానని, నకలు ఆమె తిరిగొచ్చాక ఇస్తానని చెప్పాను. ఆదివారం సాయంత్రం కాచిగూడలో రైలు. అక్కడ స్నేహితురాలి అక్క ఇంట్లో దిగుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం నా గదికి ఒకాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన లేత నీలం చొక్కా. చెప్పులు బయటే విడిచాడు. కూర్చోమంటే కూడా కాసేపు కూర్చోలేదు.

"నమస్తే మేడం. స్వరూప మా బిడ్డే అనుకోండ్రి. వాళ్ళ నాయినకు అన్న లెక్క. మీరు లేకుంటే మా బిడ్డ ఈడిదాంక వచ్చేదే కాదు. మీ పేరు చెప్పుకోని దినం లేదు."

నాకు సంతోషం కలిగింది. దాచడం ఎందుకు, చాలా సంతోషం కలిగింది.

"ప్రయాణం సంగతి నాకంత చెప్పింది మేడం. వాళ్ళ నాయినకు నేనే సమ్‌జాయిస్త అన్న. దగ్గరుండి రైలెక్కిద్దామనుకుంటే ఏ రైలన్నదో యాది లేదు. ఫోన్ జేస్తే ఎత్తుతలేదు. పరీక్ష ఫికర్ల ఉన్నట్టున్నది."

ఆయన తన పేరు చెప్పలేదు. నేను అడగలేదు. అంత మర్యాదగల మనిషిని పేరు అడగాలని తోచలేదు. "ఆదివారం సాయంత్రం బెంగళూరు రైలండీ, కాచిగూడ నుంచి" అన్నాను. "సోమవారం పదింటికి ఇంటర్వ్యూ" అని కూడా నేనే చేర్చాను.

ఆయన రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఒక్కరైనా ఆ పిల్ల పక్షాన ఉన్నారని నాకు ఊరట కలిగింది. పక్క గదిలోని సహోద్యోగితో, "ఇలాంటి పెద్దమనుషులు ఒకరుంటే చాలండీ" అని కూడా అన్నాను.

బుధవారం

బుధవారం ఉదయం స్వరూప వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ముఖంలో ఏడ్చిన గుర్తు కూడా లేదు. ఇంటర్వ్యూ ఎలా జరిగిందని అడిగాను.

"పోలే మేడం. స్టేషన్ మెట్ల కాడనే నాయిన, యాదగిరి నిలవడి ఉన్నరు. లొల్లి ఏం చెయ్యలే. 'బిడ్డా, నాయిన పరేషాన్ల ఉన్నడు, ఇంటికి పోదాం పా' అన్నడు యాదగిరి. నా బ్యాగు ఆయననే మోసిండు."

యాభై దాటిన, లేత నీలం చొక్కా వేసుకునే మనిషేనా యాదగిరి అని అడిగితే, అవునంది.

"మీకు తప్ప ఎవ్వలకీ చెప్పలే మేడం."

అరిచి ఉంటే బాగుండేది. ఆ వాక్యంలో నింద కూడా లేదు, క్లాసులో ప్రశ్న అడిగినట్టే ఉంది. ఒక్క క్షణం నా నోటి దాకా అబద్ధం వచ్చిందని ఒప్పుకోవాలి. హాస్టల్లో ఎవరైనా చెప్పి ఉండొచ్చు, స్నేహితురాలి అక్క చెప్పి ఉండొచ్చు అనబోయాను. ఆమె నన్నే చూస్తూ ఉంది.

"నేనే చెప్పానమ్మా. ఆయనకు అంతా తెలుసునన్నాడు. నమ్మాను."

"ఏం తెల్వదు మేడం ఆయనకు. జిరాక్స్ షాపుల సర్టిఫికెట్లు తీపిస్తుంటే చూసిండు, యాడికో పోతున్న అనుకున్నట్టున్నడు, గంతే."

లేఖ నకలు నా టేబుల్ మీద ఉంది. ఇవ్వబోయాను. "ఇప్పుడెందుకు మేడం" అని వెళ్ళిపోయింది. ఫలితాల రోజున కూడా క్యాంపస్‌లో కనిపించలేదు. మెస్సులో పోశమ్మను అడిగితే, కత్తిపీట మీద నుంచి తల ఎత్తకుండా "లగ్గం పెట్టుకుంటున్నరు మేడం" అంది.

మాణికేశ్వర్ నగర్లో

ఇలాంటి చోట టీచరు ఏం చేయాలో ఏ శిక్షణలోనూ చెప్పరు. వాళ్ళ ఇంటి విషయం, మనకెందుకన్నారు తోటివాళ్ళు. నేను రెండు రోజులు ఆలోచించాను. నిజం చెప్పాలంటే ఆలోచించలేదు, భయపడ్డాను. శనివారం మధ్యాహ్నం సిఫారసు లేఖ కోసం స్వరూప నా దగ్గర ఉంచిన బెంగళూరు పిలుపు ప్రతి పట్టుకుని బయలుదేరాను. క్యాంపస్ గోడ పక్క సందులోంచి వెళ్తే పది నిమిషాల దూరం. పన్నెండేళ్ళ ఉద్యోగంలో అటు వెళ్ళడం అదే మొదటిసారి. అది కూడా సిగ్గుపడాల్సిన సంగతే.

రెండు గదుల ఇల్లు. స్వరూప తండ్రి మల్లేశ్ ఖాకీ చొక్కాలోనే భోజనం చేసి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. పోశమ్మ కుర్చీ తుడిచి "కూసోండ్రి మేడం" అంది. స్వరూప లోపలి గది గడప దగ్గర నిలబడింది.

నేను కూర్చోకుండానే చెప్పాను. "మీ అమ్మాయి నాకు నమ్మి చెప్పిన మాటను నేను యాదగిరి గారికి చెప్పేశాను. తప్పు నాది. ఆ మాట మీ ముందు ఒప్పుకోవడానికి వచ్చాను."

మల్లేశ్ నావైపు వింతగా చూశాడు. "మీరే పిలిపిచ్చి చెప్పిన్రట కద మేడం. పిల్ల ఎవనితోనో బెంగుళూరు పోతున్నది, ఇజ్జత్ పోకముందే ఆపుకోండ్రి అన్నరట కద."

సంచిలోంచి పిలుపు కాగితం తీశాను.

"ఎవరన్నారు ఆ మాట?"

"యాదన్ననే అన్నడు. అందుకే గద నేను స్టేషన్‌కు ఉరికింది."

"నేనాయన్ను పిలవలేదు. ఆయనే నా గదికి వచ్చాడు. ఎవరితోనో వెళ్తోందన్న మాట నేను అనలేదు. మీ అమ్మాయి ఒక్కతే వెళ్తోంది, ఇంటర్వ్యూకి. ఇదిగో, పిలుపు."

మల్లేశ్ కాగితం తీసుకున్నాడు. ఇంగ్లీషులో ఉన్న పేరును వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. తేదీ చూశాడు. మళ్ళీ పేరు చూశాడు.

"ఒక్కతే పోతుండెనా?"

"ఒక్కతే" అన్నాను.

అతను గడప వైపు తిరిగాడు. "మరి నాకు చెప్పవైతివేందిరా?"

"చెప్తే పోనిస్తుంటివా నాయినా?" అంది స్వరూప.

మల్లేశ్ కాగితం మడత పెట్టబోయి, మడతలు పడతాయేమోనని అలాగే పట్టుకుని బయటికి వెళ్ళి, ఆటోలో చాలాసేపు కూర్చున్నాడు. పోశమ్మ నాకు నీళ్ళిచ్చింది. "యాదన్న మంచోడనే మేము గుడ అనుకున్నం మేడం. పదేండ్లసంది మా ఇంట్ల చాయ్ తాగుతున్నడు" అంది.

ఆ సంబంధం ఆగిపోయింది. యాదగిరిని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అతను వాళ్ళింటికి రావడం మానేశాడు, అంతే. తర్వాత ఒకసారి తార్నాక చౌరస్తాలో కనబడి నాకు నమస్కారం కూడా పెట్టాడు. చిరునవ్వు అలాగే ఉంది.

బెంగళూరు సీటు మాత్రం మళ్ళీ రాలేదు. మరుసటి ఏడాది స్వరూప మా డిపార్ట్‌మెంట్‌లోనే పరిశోధనకు చేరింది. నా దగ్గర చేరుతుందని ఎదురుచూశాను. ఆమె మరో సార్‌ను గైడుగా తీసుకుంది. నాకు స్వయంగా వచ్చి చెప్పింది.

"కోపం లేదు మేడం. మీరు ఇంటికొచ్చి చెప్పిన్రు, అది మా నాయిన ఎప్పుడూ అంటడు. గనీ మీ ముందట మనసులున్నది చెప్పాలంటే ఇప్పుడు జర సోచాయించుకుంట. అట్లుంటే థీసిస్ రాయలేం గద."

ఆ మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఇప్పుడామె జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెప్తోంది. కొత్త కథ ఏదైనా నచ్చితే నాకు ఫోనులో పంపుతుంది. ఇంటి విషయాలు చెప్పదు. నేను అడగను.

ఆఖరి క్లాసు

కొత్తగా ఈ కథ చెప్పబోయే ఆ అమ్మాయికి నేను చెప్పేది ఎక్కువేం లేదు. అరిచే పాత్ర మీద క్లాసంతా ఖర్చు చేయకు. మెత్తగా మాట్లాడే మనిషికి ఎవరేం చెప్పారో, ఆ మాట తర్వాత ఎక్కడ తేలిందో పిల్లలచేత వెతికించు. వాళ్ళు అడిగినదానికి జవాబు తెలియకపోతే నవ్వించి తప్పించుకోకు. ఎర్ర ఇంకు చేతిలో ఉన్నప్పుడు ఇంకొంచెం నెమ్మదిగా ఉండు.

రిటైరయ్యే వారంలో చివరిసారి అదే కథ చెప్పాను. సాంబయ్య మాటలు ఎలా మోశాడో పిల్లలే కనిపెట్టారు. ఇప్పటి పిల్లలు చురుకు, ఇరవై నిమిషాల్లో పట్టేశారు. అప్పుడు ముందు వరసలో ఒకమ్మాయి అడిగింది.

"మేడం, సాంబయ్యకు ఎరుకనా? తనతోనే ఇదంతా అయితున్నదని ఆయనకు తెలుసా? బస్సు కాడ ఏడ్చింది నిజంగనే ఏడ్చిండా?"

కథలో దానికి జవాబు లేదు. కావాలని చేశాడని వాదించవచ్చు, నోరు జారాడని కూడా వాదించవచ్చు. రెండువైపులా చెప్పి ముగించడమే మా అలవాటు.

"సాంబయ్య సంగతి నాకు తెలియదమ్మా" అన్నాను. "నేను చేసినప్పుడు మాత్రం నాకు తెలియలేదు. తర్వాత నిజంగానే ఏడ్చాను. దానివల్ల ఆ పిల్లకు ఒరిగిందేమీ లేదు."

పేర్లు చెప్పకుండా జరిగిందంతా చెప్పాను. ముప్ఫై మంది పిల్లలు రాసుకోవడం ఆపి తలలెత్తారు. అంతవరకు పాఠం చెప్పే మేడంగా కనిపించిన మనిషిని వాళ్ళు మొదటిసారి చదువుతున్నారు. వాళ్ళ పని అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాను.